ఎనిమిదిని మూడు చేయడానికి రెండు శనివారాలు

పోయిన చలికాలం పిట్స్‌బర్గ్ దగ్గర ఒక ఫైర్ స్టేషన్ హాల్‌లో మోడల్ ట్రైన్ షో జరిగితే వెళ్ళాను, వెళ్ళేటప్పుడు మా ఆవిడకి "ఊరికే చూసొస్తా" అని చెప్పాను, ఆ మాట నేనూ నమ్మలేదు ఆమె అసలే నమ్మలేదు. ఒక పెద్దాయన టేబుల్ మీద పెన్ సెంట్రల్ అనే పాత అమెరికా రైల్వే బాక్స్‌కార్లు (నాలుగువైపులా మూసి ఉండే గూడ్స్ పెట్టెలు) మూడు కనబడ్డాయి, హెచ్‌ఓ స్కేల్ అంటే అసలులో 87వ వంతు, అసలైతే 50 అడుగుల బండి, మంచి ఆకుపచ్చ రంగు, తెల్ల అక్షరాలు. ఒక్కోటి 12 డాలర్లు, మూడూ తీసుకుంటే 30 అన్నాడు. తీసుకున్నా. ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో పట్టాల మీద వరసగా పెట్టి వెనక్కి జరిగి చూస్తే అప్పుడు వెలిగింది, మూడింటి మీదా ఒకటే నంబరు. చివర 48, 48, 48.

ఈ హాబీ తెలియనివాళ్ళు "అయితే ఏంటంట" అంటారు, నిజమే, బొమ్మ రైలుకి నంబరు ఏదైతే ఏంటి. కానీ నేను రైలుని గుండ్రంగా తిప్పి చూసే రకం కాదు, నాదంతా షంటింగ్. నెలకోసారి ఇద్దరు ఫ్రెండ్స్ వస్తారు, ఒక్కో బండికి ఒక్కో కార్డు ఉంటుంది, కార్డు మీద నంబరు, అది ఎక్కణ్ణుంచి వచ్చింది ఎక్కడికి పోవాలి అని రాసి ఉంటుంది, ఆ కార్డు చేత్తో పట్టుకుని యార్డులో ఆ నంబరు బండి వెతికి తీసుకెళ్ళి పేపర్ మిల్లు సైడింగ్‌లోనో గోడౌన్ దగ్గరో పెట్టాలి. ఒకే నంబరు మూడు బండ్లకుంటే మావాడు పేపర్ మిల్లుకి పోవాల్సింది వదిలేసి ఇంకోటి తీసుకెళ్ళి పెట్టాడు, అడిగితే "నంబరు చూసుకో, కరెక్టే కదా" అన్నాడు. కరెక్టే మరి.

కాబట్టి నంబరు మార్చాలి. మార్చాలంటే ముందు ఉన్నది చెరపాలి, కింద ఉన్న పచ్చ రంగు మాత్రం పోకూడదు. చెప్పడానికి ఒక లైనే. మొదటి బండి నాశనం అయ్యాక గానీ ఇందులో ఉన్న కిటుకు నాకు అర్థం కాలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు ఆ నాశనం సంగతి. ఎవరో ఎక్కడో చెప్పిన గుర్తు, ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో ప్రింట్ పోతుందని. మందుల షాపులో 91 శాతం సీసా దొరుకుతుంది, ఇంట్లో ఉండనే ఉంది. ఇయర్‌బడ్ ముంచి నంబరు మీద మెల్లగా రుద్దాను. బడ్ చివర పచ్చగా అయింది. అది మురికి అనుకున్నా, ఒట్టు, పాత బండి కదా పైన దుమ్ము పోతోంది అనుకుని ఇంకో బడ్ తీసి ఇంకొంచెం రుద్దాను. మూడో బడ్‌కి పచ్చ మధ్యలో బూడిద రంగు మచ్చ కనబడింది, ఆ మచ్చ నడిమధ్యలో 48 మాత్రం తెల్లగా, చెక్కు చెదరకుండా, నన్నే చూస్తూ ఉంది. పోవాల్సింది పోలేదు, ఉండాల్సింది పోయింది.

ఎందుకలా అయిందో తర్వాత తెలుసుకున్నా. ఈ బండ్ల మీద అక్షరాలు రంగుతో రాసినవి కావు, స్టిక్కర్లూ కావు, ప్యాడ్ ప్రింటింగ్ అంటారు. ఒక లోహపు ప్లేటు మీద అక్షరాలు సన్నగా చెక్కి ఉంటాయి, ఆ చెక్కిన గుంటల్లో ఇంకు నింపి పైన గీకేస్తారు, గుంటల్లో మాత్రమే ఇంకు మిగులుతుంది, అప్పుడు బన్నులాగా మెత్తగా ఉండే సిలికాన్ ముద్ద ఒకటి వచ్చి దాని మీద నొక్కి ఇంకు ఎత్తుకుని తీసుకొచ్చి బండి మీద నొక్కుతుంది. ముద్ద మెత్తన కాబట్టి రివెట్లు, పక్కటెముకల్లాంటి గీతలు ఉన్నా వాటి మీద ఒదిగి అచ్చు పడుతుంది. అంటే ముందు ప్లాస్టిక్, దాని మీద స్ప్రే చేసిన రంగు, దాని మీద పల్చగా ఇంకు, మొత్తం మూడు పొరలు. రంగు ఒక రకం రసాయనం, ఇంకు ఇంకో రకం. ఏ ద్రవం దేన్ని ముందు కరిగిస్తుందనేదే మొత్తం కథ. నా బండి మీద రంగు ఆల్కహాల్‌కి లొంగే రకం, ఇంకు మొండిది, కింద నేల జారిపోయింది పైన ఇల్లు నిలబడింది. ఇంకో కంపెనీ బండి మీద ఇదే ఆల్కహాల్ పని చేయొచ్చు కూడా, అక్కడే వస్తుంది గొడవ, ఒకడికి పని చేసిందని చెప్తాడు ఇంకొకడు నాలాగా బుక్కైపోతాడు, ఇద్దరూ నిజమే చెప్తారు. అదే కంపెనీ ఒక ఏడాది చేసిన బండికీ పదేళ్ళ తర్వాత చేసిన బండికీ రంగు వేరే ఉండొచ్చు.

అసలు 91 శాతం ఆల్కహాల్‌లో బండి బాడీని ముంచి ఉంచడం అనేది మొత్తం రంగు ఊడబీకడానికి చాలామంది వాడే పద్ధతి. చెరపడం వేరు, ఊడబీకడం వేరు. నేను రెండో పనికి పనికొచ్చేదాన్ని మొదటి పనికి వాడా. ఆ బండిని చివరికి పూర్తిగా ముంచేశా, ఇప్పుడు బూడిద రంగు ప్లాస్టిక్ డబ్బాలా షెల్ఫ్ మీద ఉంది, దానికి ఏ రంగు వేస్తానో దేవుడికెరుక.

ఒక మాట, మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం పోకండి. అందులో ఎసిటోన్ ఉంటే రంగూ ఇంకూ సంగతి అలా ఉంచండి, అది అసలు ప్లాస్టిక్‌నే తినేస్తుంది, ఈ బండ్లు చాలావరకు పాలీస్టైరీన్. ఒక పనికిరాని ముక్క మీద చుక్క వేసి చూశా, పైన అంతా విరిగిన పాలలాగా అయిపోయింది. పెయింట్ షాపులో దొరికే లాకర్ థిన్నర్ కూడా అంతే. ఇంకా, "మీకేమైనా పనుందా లేదా" అనే మాట కూడా పడాల్సి వస్తుంది, సీసా వెతుక్కుంటూ కిందికి వచ్చినప్పుడు.

రెండో బండికి బుద్ధి వచ్చింది. ముందు బండి బాడీని ఛాసిస్ నుంచి విడదీసి లోపలివైపు చూశా. ఇది నేను ఇప్పుడు ఏ బండికైనా మొదట చేసే పని. లోపల ప్లాస్టిక్ కూడా బయటిలాగే పచ్చగా ఉంటే అది రంగు కలిపి పోత పోసిన ప్లాస్టిక్ కావచ్చు, పాత చవక రకాల్లో చాలా వాటికి పైన పెయింటే ఉండదు, అలాంటివాటికి భయం తక్కువ, గీకినా కింద అదే రంగు. లోపల బూడిదో నలుపో ఉండి బయట పచ్చ ఉంటే మీ చేతిలో ఉన్నది ఒక పల్చటి పొర, జాగ్రత్త. నాది లోపల బూడిదే.

తర్వాత ట్రయల్. బాడీ కింది అంచు, ఛాసిస్ లోపల దాక్కునే చోట, అక్కడ మొదటి చుక్క. ప్రింట్ మీద ట్రయల్‌కి నిచ్చెన వెనక మూలన చిన్న చిన్న అక్షరాలు ఉంటాయి, బండి ఎంత బరువు మోయగలదు, ఖాళీ బరువు ఎంత, ఎప్పుడు కట్టారు అనేవి, అసలు బండి మీద అవి రెండు మూడు అంగుళాలుంటాయి కాబట్టి ఇక్కడ ఒక మిల్లీమీటరు కూడా ఉండవు, వాటిలో చివరి అక్షరం ఒకటి పోయినా ఎవడూ చదవలేడు. అక్కడ పని చేస్తేనే నంబరు దగ్గరికి రావడం.

నేను వాడింది వాల్తర్స్ వాళ్ళ సాల్వాసెట్. ఇది చెరపడానికి చేసింది కాదు, నీళ్ళలో నానబెట్టి అతికించే పల్చటి అక్షరాల ఫిల్ములు, అంటే డెకాల్స్, రివెట్ల మీద ముడతలు లేకుండా ఒదగడానికి పైన రాసే ద్రవం. డెకాల్ పొరని మెత్తబరచడం దాని పని, ప్యాడ్ ప్రింట్ ఇంకుని కూడా చాలాసార్లు అలాగే మెత్తబరుస్తుంది, కింద రంగుని అంత త్వరగా ముట్టుకోదు. మైక్రోస్కేల్ వాళ్ళ మైక్రో సాల్ కూడా ఇదే జాతి, కాస్త నెమ్మది. నేనైతే మొదట మైక్రో సాల్‌తోనే మొదలెట్టా, పిరికితనం అనండి, నా బండి మీద అది చాల్లేదు.

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్తా ఎందుకంటే మొత్తం పని ఇక్కడే ఉంది. టిష్యూ పేపర్‌ని నంబరు సైజుకి కత్తిరించాలి, సరిగ్గా అంతే, పెద్దది పెడితే పక్కన పచ్చ రంగు కూడా నానుతుంది. నంబరు ఎత్తు దాదాపు 2 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ టిష్యూ ముక్క బియ్యపు గింజంత. దాన్ని ట్వీజర్‌తో పెట్టి సన్న బ్రష్‌తో సాల్వాసెట్ చుక్క వేయాలి. బండిని పక్కకి పడుకోబెట్టండి, నిలబెడితే చుక్క కిందికి కారి కింద ఉన్న లైన్లు కూడా నానతాయి. తర్వాత ఎదురుచూపు. నేను రెండు మూడు నిమిషాలకోసారి టిష్యూ అంచు ఎత్తి పుల్లతో మెల్లగా తట్టి చూశా, ఆరిపోతుంటే ఇంకో చుక్క.

ఈ ఎదురుచూపు దగ్గరే అందరం తప్పు చేస్తాం. అట్టు పోసినప్పుడు చూడండి, కాలకముందే అట్లకాడ పెడితే చిరిగిపోయి పెనానికి అంటుకుపోతుంది, కాలాక అంచు దానంతటదే లేస్తుంది, అప్పుడు పెడితే ఒక్క తీరులో వచ్చేస్తుంది. ఇంకు కూడా అచ్చం అంతే. మెత్తబడకముందు గీకితే మీరు గీకుతున్నది ఇంకుని కాదు, ఇంకుతో పాటు రంగుని. మెత్తబడితే పుల్ల తగలగానే చిన్న తెల్ల పిండిలా చుట్టుకుని వస్తుంది. నాకు అది పది పన్నెండు నిమిషాలు పట్టింది, మీ బండికి మూడు పట్టొచ్చు ముప్పై పట్టొచ్చు. టిష్యూకి పచ్చ అంటిందా, ఆపేయండి, అక్కడికక్కడే నీళ్ళతో కడిగేయండి, అరగంట ఆరనివ్వండి. మెత్తబడిన రంగు చాలాసార్లు ఆరితే మళ్ళీ గట్టిపడుతుంది, ఆ టైంలో వేలు పెడితే మాత్రం మీ వేలిముద్ర శాశ్వతంగా బండి మీద ఉండిపోతుంది.

గీకడానికి ఏం వాడాలి అంటే చెక్క టూత్‌పిక్. చివర ఇసుక కాగితం మీద రుద్ది ఉలిలా చదును చేసుకోవాలి. స్టీల్ బ్లేడు వద్దు, బ్లేడుకి ఇంకు ఏదో రంగు ఏదో తేడా తెలీదు, చెక్కకి తెలుస్తుంది అన్నట్టు, మెత్తబడ్డదాన్ని మాత్రమే లేపుతుంది. రివెట్ల దగ్గర ఇంకా నెమ్మది, రివెట్ తల మీద రంగు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, రెండు రుద్దులకి బూడిద చుక్క బయటపడుతుంది.

రబ్బరుతో చెరిపేవాళ్ళు కూడా ఉన్నారు, నిజంగానే స్కూల్ పిల్లల రబ్బరు. తెల్ల రబ్బరు మెత్తన, సాల్వాసెట్‌తో కలిపి బాగా పని చేస్తుంది. ఇంకు చెరిపే గరుకు రబ్బరు ఉంటుంది చూడండి, అది ఇసుక కాగితంతో సమానం, చదునైన గోడ మీద ఫర్వాలేదు, రివెట్లున్న చోట మాత్రం వద్దు. 2000 గ్రిట్ తడి ఇసుక కాగితంతో ద్రవాలేవీ లేకుండా ఇంకు లేపేవాళ్ళు ఉన్నారు, చేయి స్థిరంగా ఉన్నవాళ్ళ పని అది, నా చేయి పొద్దున కాఫీ తర్వాత అలా ఉండదు. ఫైబర్‌గ్లాస్ పెన్ను కూడా ఒకటి ఉంటుంది, దాని గాజు నారలు వేలికి గుచ్చుకుంటే వారం రోజులు కనబడవు, తెలుస్తూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు మజా. మొత్తం నంబరు చెరిపి మొత్తం కొత్తది వేయాలని మొదట అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే చివరి అంకె ఒక్కటి మారితే చాలు కదా. ఇంకా ఆలోచిస్తే ఆ అంకె కూడా మొత్తం చెరపక్కర్లేదు. 8కి ఎడమవైపు రెండు వంపులు తీసేస్తే 3. డెకాల్ కొనక్కర్లేదు, ఫ్యాక్టరీ తెలుపుకి డెకాల్ తెలుపు కలవదనే గొడవ లేదు, మిగిలింది అంతా ఒరిజినలే. ఇది నా తెలివి కాదులెండి, ఈ హాబీలో పాతవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన చిట్కా.

కానీ 2 మిల్లీమీటర్ల ఎనిమిదిలో సగం! టామియా మాస్కింగ్ టేపుని సన్న పీలికగా కోసి కుడి సగం మీద అంటించా, ఆ టేపు జిగురు తక్కువ కాబట్టి రంగు లాగదు. తలకి తగిలించుకునే భూతద్దం పెట్టుకుని, ఎడమ సగం మీద మాత్రమే సన్న బ్రష్‌తో చుక్క. టేపు కిందికి ద్రవం పాకుతుందేమోనని ఊపిరి బిగపట్టి కూర్చున్నా. పది నిమిషాల తర్వాత పుల్ల ఆనించగానే పైవంపు చుట్టుకుని వచ్చేసింది, అంత తేలిగ్గా వచ్చేసరికి నాకే అనుమానం వచ్చింది. కింది వంపు మొండికేసింది, ఇంకో రెండు చుక్కలు, ఇంకో పావుగంట. టేపు తీస్తే 3. కొంచెం నడుము దగ్గర బొద్దుగా ఉంది, కానీ 3 అంటే 3.

నేను గంతులేసి పైకెళ్ళి మా అమ్మాయికి చూపిస్తే "నాన్నా, ఇదేం నంబరు, ఎనిమిదా?" అంది. లైటు కిందకి తీసుకెళ్తే తెలిసింది, తెల్ల ఇంకు పోయింది గానీ ఆ చోట పచ్చ రంగు కాస్త నిగనిగలాడుతూ, ఏటవాలుగా చూస్తే ఎనిమిది దెయ్యంలా కనబడుతోంది. ఇది అందరికీ వచ్చేదే, ఇంకు కింద ఏళ్ళ తరబడి దాక్కున్న రంగు వెలిసిపోకుండా ఉంటుంది, పైగా రుద్దిన చోట నున్నగా మెరుగు ఎక్కుతుంది. దీనికి మందు ఇంకా రుద్దడం కాదు, అలా అనిపిస్తుంది గానీ కాదు. డిష్ సోప్ నీళ్ళతో బండి కడిగి రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు మొత్తం ఆ వైపు గోడకి టెస్టర్స్ డల్‌కోట్ అనే మెరుపు తగ్గించే మ్యాట్ పూత పల్చగా కొట్టా. మెరుపు అంతా ఒకే లెవెల్‌కి వచ్చేసరికి దెయ్యం సగం పోయింది, మిగతా సగం మీద గోధుమ రంగు పాస్టెల్ పొడి బ్రష్‌తో రాశా, పట్టాల ధూళిలాగా. అసలు బండ్లూ మురికిగానే ఉంటాయి కదా.

సెకండ్ హ్యాండ్ బండ్లు కొనేవాళ్ళు ఇంకోటి చూసుకోండి, ముందు ఓనరు ఎవరైనా పైన ఇలాంటి మ్యాట్ కోటు కొట్టి ఉంటే అక్షరాల మీద ఇంకో పొర ఉన్నట్టే, సాల్వాసెట్ ముందు దాంతో కుస్తీ పడుతుంది, తెల్లగా పాలిపోతుంది కూడా. కొన్ని ఫ్యాక్టరీ బండ్లకే పైన క్లియర్ కోటు ఉంటుంది. ట్రయల్ చేయమనేది ఇందుకే.

అంతా అయ్యాక ఒళ్ళు విరుచుకుంటూ బండిని తిప్పా. రెండో వైపు 48. అవును మరి, నంబరు రెండు పక్కలా ఉంటుంది. ముందూ వెనకా ఉన్న చివర గోడల మీద కూడా ఉంటుంది. మొత్తం నాలుగు చోట్ల. ఒక చోటికి ఒక మధ్యాహ్నం పట్టింది.

ఆ రెండో శనివారం సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేశా. నాన్న రిటైరయ్యే దాకా బెజవాడ పక్కన రాయనపాడులో గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపులో పెయింటర్‌గా చేశాడు. చిన్నప్పుడు ఇంటికొచ్చేటప్పుడు గోళ్ళ సందుల్లో తెల్ల పెయింట్ ఉండేది, అమ్మ కిరసనాయిలు గుడ్డ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడేది. మన వ్యాగన్ల మీద 11 అంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాత రెండు ఏ రైల్వేదో, తర్వాత రెండు కట్టిన ఏడాది, తర్వాత నాలుగు దాని సొంత నంబరు, చివరిది తప్పు పట్టుకోవడానికి లెక్కగట్టి వేసే అంకె. ఇక్కడ అమెరికాలో అంత లేదు, నాలుగు అక్షరాలకి మించని ఓనరు గుర్తు, ఆరు అంకెలకి మించని నంబరు, గుర్తు చివర ఎక్స్ ఉంటే రైల్వే కంపెనీది కాదు ప్రైవేటు ఓనరుదని. ఇదంతా నాన్నకి చెప్తే ఆసక్తిగా విన్నాడు, బండిని కెమెరాకి దగ్గరగా పెట్టి నా మూడుని చూపించా.

"ఇంత దానికి రెండు వారాలు కూర్చున్నావా?"

"చెరపటం కష్టం నాన్నా, కింద రంగు పోకూడదు."

"చెరపటం ఏంట్రా? మేమెప్పుడు చెరిపాం? పీఓహెచ్‌కి, అదే గడువు ప్రకారం చేసే పెద్ద రిపేరుకి, వచ్చిన బండి మీద తేదీ మార్చాలన్నా ఏది మార్చాలన్నా పాతదాని మీద బాడీ కలర్ ఒక పట్టీ కొట్టేసేవాళ్ళం, ఆరాక స్టెన్సిల్ పెట్టి కొత్తది. నువ్వు చేసేది ఎవడూ చేయడు."

నేను కాసేపు ఏం మాట్లాడలేదు. ఎందుకంటే నా దగ్గర ఉన్నది పెన్ సెంట్రల్ బండి, దాని చరిత్ర అంతా పట్టీలే. పెన్సిల్వేనియా రైల్‌రోడ్, న్యూయార్క్ సెంట్రల్ రెండూ 1968లో కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి, రెండున్నరేళ్ళు తిరక్కుండానే 1970 జూన్‌లో దివాలా. దాని లోగోలో పీ, సీ రెండక్షరాలు మెలేసుకుని ఉంటాయి, ఇక్కడి రైలు పిచ్చోళ్ళు దాన్ని జతకట్టిన వానపాములు అంటారు, ఒకసారి విన్నాక అది ఇంకోలా కనబడదు. 1976 ఏప్రిల్ 1న కాన్‌రైల్ వచ్చి పెన్ సెంట్రల్‌తో పాటు ఈరీ లాకవానా, రెడింగ్, లీహై వ్యాలీ లాంటి మునిగిపోయినవాటిని తీసుకుంది. అన్ని వేల బండ్లకి కొత్త రంగు వేయాలంటే ఎవరి వల్ల అవుతుంది? నంబరు పక్కన పాత పీసీ అనే ఓనరు గుర్తు మీద ఒక పట్టీ కొట్టి దాని మీద సీఆర్, అంటే కాన్‌రైల్, అని స్టెన్సిల్ వేసి పంపేశారు. 80ల్లో కూడా పచ్చ బండ్లు వానపాముల లోగోతో, పక్కన పట్టీతో తిరుగుతూనే ఉన్నాయి. ఫోటోల్లో చూడండి, పట్టీ రంగు బాడీ రంగుకి కలవదు, కలవాలని కూడా ఎవరూ చూసుకోలేదు.

ఇంకో తమాషా, 1999లో కాన్‌రైల్‌ని సీఎస్‌ఎక్స్, నార్ఫోక్ సదరన్ పంచుకున్నప్పుడు సీఎస్‌ఎక్స్ వాటా బండ్ల మీద ఎన్‌వైసీ (న్యూయార్క్ సెంట్రల్) అనీ, నార్ఫోక్ సదరన్ వాటా బండ్ల మీద పీఆర్‌ఆర్ (పెన్సిల్వేనియా రైల్‌రోడ్) అనీ గుర్తులు వేశారు, అంటే ముప్పై ఏళ్ళ కింద చచ్చిపోయిన రెండు రైల్వేల పేర్లు పట్టీ రూపంలో మళ్ళీ పుట్టాయి.

సో మూడో బండికి చెరపడం లేదు, నాన్న పద్ధతే. పచ్చలో చుక్క నలుపు కలిపి, కావాలనే కలవని రంగు చేసి, ఖాళీ డెకాల్ ఫిల్మ్ మీద కొట్టి ఆరాక 4 మిల్లీమీటర్ల ఎత్తు 11 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క కోశా. గోడ ఆ భాగానికి నున్నగా మెరిసే గ్లాసీ కోటు పల్చగా కొట్టుకోవాలి ముందు, మ్యాట్ గరుకు మీద డెకాల్ పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. కింద మైక్రో సెట్ (డెకాల్ పెట్టే ముందు రాసే ద్రవం), పైన మైక్రో సాల్, పట్టీ పాత గుర్తునీ నంబరునీ మింగేసింది. దాని మీద సీఆర్ డెకాల్, కొత్త నంబరు, చివర డల్‌కోట్. నాలుగు చోట్లకీ కలిపి ఒక్క సాయంత్రం, డెకాల్ తెలుపు తేడాగా ఉందా, ఉండనీ, నిజం బండి మీదా అలాగే ఉంటుంది. కింద రంగు పోతుందన్న భయమే లేదు, అసలు దాన్ని ముట్టుకుంటేగా.

అలాగని చెరపడం దండగ అనను. కాన్‌రైల్ రాకముందు 1972లోనో 73లోనో ఉన్నట్టుగా మీ లేఅవుట్, అంటే మీ బొమ్మ రైల్వే, నడుస్తుంటే సీఆర్ పట్టీ ఎలా వేస్తారు? ఒక్క అంకె మార్చాలంటే ఇప్పటికీ నాకు 8ని 3 చేయడమే ఇష్టం, చేతికి అదో రకం తృప్తి. పట్టీ కథ లేని రైల్వేలు ఎన్నో ఉన్నాయి, కొత్తగా మెరిసే బండి కావాలంటే చెరపాల్సిందే. మూడు నాలుగు అంకెలు మార్చాలంటే మాత్రం ఒకసారి ఆ రైల్వే అసలు ఏం చేసేదో ఫోటో చూసి అప్పుడు సాల్వాసెట్ మూత తీయండి.

నాన్నకి పట్టీ బండి ఫోటో పంపితే గంట తర్వాత రిప్లై వచ్చింది, "స్టెన్సిల్ జరిగింది, ఎడమపక్క ఎత్తుగా ఉంది." జూమ్ చేసి చూశా, నిజమే, అర మిల్లీమీటరు.

43 నంబరు బండి పోయిన నెల సెషన్‌లో మూడుసార్లు పేపర్ మిల్లుకి వెళ్ళొచ్చింది, ఒక్కసారి కూడా తప్పు పోలేదు. దాని వెనక గోడ మీద ఇంకా 48 అనే ఉంది. ఎవరూ చూడలేదు, నేనూ ఆ వైపు గోడకి ఆనించే పెడుతున్నా.